ఏడో పట్టీ

పాసయ్యాను!

మూడుసార్లు తప్పిన హీట్ ట్రాన్స్‌ఫర్ పేపరు నాలుగోసారికి గట్టెక్కింది. అంటే బీటెక్ అయిపోయింది. అంటే మేం బాపు అని పిలిచే నాన్న వైపు చూసుకున్నా, అవ్వ అని పిలిచే అమ్మ వైపు చూసుకున్నా డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషిని నేనే. మా వాళ్లలో మగ్గాలు నడిపినవాళ్లున్నారు, లారీలు నడిపినవాళ్లున్నారు, బొగ్గుబాయిలోకి దిగినవాళ్లున్నారు. పేరు పక్కన చదువు రాసుకున్నవాళ్లు మాత్రం లేరు. నేను రాసుకుంటాను. ఇంటి గోడ మీద కూడా రాస్తాను, ఎవరేమనుకున్నా సరే.

నిన్న మధ్యాహ్నం తెలిసింది. అప్పటి నుంచి చెప్పీ చెప్పీ గొంతు బొంగురుపోయింది. పాల ప్యాకెట్‌కని దుకాణానికి వెళ్లి, పాసైన సంగతి చెప్పి, పాలు అక్కడే మరిచి ఇంటికొచ్చాను. మళ్లీ వెళితే దుకాణదారు, "ఇంకేమన్న పాసైనవా బిడ్డా?" అన్నాడు.

అయితే ఆ కబురు వచ్చినప్పుడు నేనెక్కడున్నానో చెప్పకపోతే సగం సంగతే చెప్పినట్టు. జమ్మికుంట దాటాక కరీంనగర్ రోడ్డు మీద లారీలు కడిగే సర్వీసింగ్ షెడ్డు ఒకటుంది. అక్కడ కేబిన్ ముందుకు వంచి పెట్టిన పది టైర్ల లారీ ఇంజన్ మీదికి వంగి ఉన్నాను. మోచేతుల దాకా నల్లరేగడి బురద. ఫోను మోగుతుంటే ఎత్తడానికి చెయ్యి లేదు.

ఆ లారీ మాకు పరాయిది కాదు. ఆరేళ్ల కిందటి దాకా బాపే దాన్ని నడిపేవాడు. వానాకాలంలో శ్రీరాంపూర్ నుంచి బొగ్గు, దసరా దాటాక ఆదిలాబాద్ నుంచి పత్తి. లారీ సేటుది, తాళం మాత్రం మా ఇంట్లో మేకుకు వేలాడేది. చిన్నప్పుడు ఆ తాళాన్ని చూసి లారీ మాదే అనుకునేదాన్ని.

ఆ తాళం పోవడానికి కారణం నేను.

ఈ మాట ఆరేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. నిన్న చెప్పాను. ఎట్లా చెప్పానో, ఎందుకు చెప్పానో రాయడానికే ఇది.

పదో తరగతి పాసై, పాలిటెక్నిక్‌లో మెకానికల్ తీసుకున్న ఏడాది అది. క్లాసులో అరవై మందిమి, అందులో ఆడపిల్లలం ఇద్దరం. దసరా సెలవులకు ఇంటికొచ్చాను. కాలేజీలో చేరి నిండా మూడు నెలలు కాలేదు, నాకేమో ప్రపంచంలోని ఇంజన్లన్నీ తెలిసిపోయినట్టుండేది. పత్తి సీజన్‌కు ముందు బాపు ఏటా ఇంజన్ కడిగేవాడు. ఆ ఏడు నేనూ వస్తానన్నాను. నీళ్లు పోయకూడని చోట్లకు మూతలు కట్టే పని నాకిచ్చాడు.

మూతలుగా కట్టే ప్లాస్టిక్ కవర్లు మధ్యలో అయిపోయాయి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి ఇంజన్‌కు గాలి తీసుకెళ్లే రబ్బరు గొట్టం ఒకటుంటుంది. దాన్ని ఊడదీశాం, దాని నోరు తెరుచుకుని ఉంది. మా దిక్కు ఏ బెజ్జం కనిపించినా ముందు పత్తే కుక్కుతారు. నూనె సీసాకు పత్తి, దర్వాజా సందుకు పత్తి, చలికాలం చెవుల్లో పత్తి. కేబిన్‌లో సీటు వెనకాల పత్తి ఉండలు ఎప్పుడూ ఉండేవి. పిడికెడు తీసి ఆ గొట్టంలో కుక్కాను.

కడగడం అయింది. గొట్టం మళ్లీ నేనే బిగించాను. బాపు కేబిన్ దించబోతూ అడిగాడు.

"అన్ని తీసినవా బిడ్డా?"

"తీసిన బాపు."

అంత తొందరగా, అంత ధీమాగా చెప్పాను. ఆ మాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

నాలుగు రోజుల తర్వాత పత్తి లోడుతో నిర్మల్ దగ్గర ఘాటు రోడ్డు ఎక్కుతుంటే లారీ ఊపిరాడనట్టు నల్లటి పొగ కక్కింది. బాపు ఎట్లాగో పక్కకు తీసి టైర్లకు రాళ్లు పెట్టాడు. వెనక నిండుగా పత్తి, ముందు సెగలు కక్కే ఇంజన్. అంటుకోలేదు, అంతే. కరీంనగర్ నుంచి వచ్చిన మెకానిక్ గొట్టం ఊడదీస్తే నూనె తాగిన పత్తి ముద్ద బయటపడింది. సగం అప్పటికే ఇంజన్‌లోకి గాలి తోసే టర్బో రెక్కల్లోకి పోయింది. మెకానిక్ ఆ ముద్దను కాగితంలో చుట్టుకుని పోయి, వర్క్‌షాపులో వచ్చినవాళ్లందరికీ చూపించాడట. "తాగి కడిగిండు, మరిచిండు" అని చెప్పాడట. బాపు జన్మలో తాగలేదు.

బాపు బస్సులో ఇంటికొచ్చాడు. చేతిలో టిఫిన్ డబ్బా, భుజం మీద కేబిన్‌లో కప్పుకునే చద్దరు. మేకుకు తాళం తగిలించలేదు.

"నేనే మరిచిన" అన్నాడు అవ్వతో. అవ్వ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతోంది. చేతిలోని ఆకు చేతిలోనే ఉంచుకుని తిట్టింది. "కండ్లు నెత్తికెక్కినయా నీకు? తొమ్మిదేండ్ల కొలువు పిడికెడు పత్తి పాల్జేస్తివి!" బాపు వింటూ కూర్చున్నాడు. నేను దర్వాజా పక్కన నిలబడి వింటున్నాను. మరునాడు పొద్దున జడ వేసుకుంటుంటే నా వెనకాల వచ్చి నిలబడ్డాడు.

"నువ్వు కాలేజీకి పో. గా ముచ్చట ఇంట్ల ఎత్తకు. నీ మామలు ఇప్పటికే మిషన్ల చదువు ఆడిపిల్లకెందుకంటుండ్రు. గిది తెలిస్తే ఇడిపిస్తరు."

వెళ్లాను. బాపు ట్రాలీ ఆటో నడపడం మొదలుపెట్టాడు. మార్కెట్ యార్డు గేటు ముందర చాయ్ హోటలుంది. అక్కడ ఆయనకో పేరు పెట్టారు. పత్తి డ్రైవర్. "పత్తి డ్రైవర్‌కు చాయ్ ఒకటి!" అని హోటలతను లోపలికి అరిచేవాడు. ఒకసారి నేను పక్కనే ఉన్నాను. బాపు నవ్వి గ్లాసు అందుకున్నాడు. ఆ నవ్వు చూడలేకే కసిగా చదివానంటే నమ్మండి. డిప్లొమా అయింది, దాంతో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో సీటొచ్చింది. హాస్టల్లో మిగతావాళ్లు నిద్రపోతుంటే నేను టర్బో బొమ్మలు గీసుకుంటూ కూర్చునేదాన్ని. అన్నీ గట్టెక్కి చివరికి హీట్ ట్రాన్స్‌ఫర్ దగ్గర మూడుసార్లు బోల్తా పడ్డాను. అది వేరే కథ, ఇప్పుడు పాసయ్యాను కాబట్టి దాన్ని క్షమించేశాను.

ఇక మొన్నటి సంగతి. పొద్దున్నే సేటు మా వాకిట్లో జీపు ఆపాడు. దిగలేదు.

"ఏందయ్యా, లైసెన్సు జిందా ఉన్నదా?"

"ఉన్నది సేటూ" అన్నాడు బాపు. ప్రతిసారీ గడువు దాటకముందే రెన్యూవల్ చేయించుకునేవాడు. ట్రాలీ ఆటోకు అక్కర్లేని పెద్ద బండి లైసెన్సును ఎందుకు కాపాడుకుంటున్నాడో ఇంట్లో ఎవరమూ అడగలేదు.

"బండి ఆదిలాబాద్ దిక్కు చేన్ల దిగవడ్డది. మూడు దినాలు బురదల్నే ఉన్నది. డ్రైవర్ పోరడు తాళం ఆన్నే ఇడిచిపెట్టి పోయిండు. గుంజుకచ్చి సర్వీసింగ్‌ల పెట్టిచ్చిన. రేపు ఇంజన్ కడిగి స్టార్ట్ చేసి చూపెట్టు. మంచిగ లేస్తే సీజన్ నీదే. లేవకుంటే నీ ఆటో నీకున్నది." స్టీరింగ్ మీద వేళ్లు ఆడిస్తూ నవ్వాడు. "ఈసారన్న పత్తి కుక్కకు."

బాపు మళ్లీ అదే నవ్వు నవ్వాడు. నేను గడప దిగి జీపు ముందుకొచ్చాను.

"సేటూ, బండి నేను కడుగుత."

"నువ్వా? నువ్వు లోపటికి పోయి చాయ్ వెట్టు బిడ్డా."

"చాయ్ బాపు పెడ్తడు. నాకన్న మంచిగ పెడ్తడు."

అవ్వ లోపలి నుంచి "నోరు!" అంది. సేటు నా వైపు చూసి, బాపు వైపు చూశాడు. "ఎవలన్న కడుగుండ్రి. మల్ల పొగ వచ్చిందో, గిదే ఆఖరు" అని జీపు తిప్పుకుని పోయాడు.

నిన్న తెల్లారి ఏడింటికే షెడ్డుకు వెళ్లాం. షెడ్డు నడిపే ముసలాయనను అందరూ చాచా అంటారు. ప్రెషర్ గన్ భుజానికి తగిలించుకుని సిద్ధంగా ఉన్నాడు. పక్కన డబ్బాలో డీజిల్.

"అరె బేటీ, జర దూరం జరుగు. నీళ్లు కొడ్త, మీదికెళ్లి డీజిల్ కొడ్త, అర్ధగంటల ఇంజన్ పెండ్లికొడుకు లెక్క మెరుస్తది."

"గన్ వద్దు చాచా. డీజిల్ అసల్కే వద్దు."

"మరి కన్నీళ్లతోటి కడుగుతవా?"

"బక్కెట్ల నీళ్లతోటి కడుగుత."

"ఇరవై ఏండ్ల సంది కొడ్తున్న. నా షెడ్డుల నాకే సబక్ చెప్తవా?"

"గీ బండికి కంప్యూటర్ డబ్బా ఉన్నది చాచా. గన్ కొడితే నీళ్లు వైర్ల జాయింట్లల్లకు పోతయి. కడిగినంక లేవని బండ్లు ఎన్నున్నయో ఎన్నడన్న యాది చేసుకున్నవా?"

చాచా కాసేపు గడ్డం గోక్కున్నాడు. "మందమర్రి టిప్పర్ ఒకటి రెండు దినాలు ఈడ్నే ఉండె" అన్నాడు. వెంటనే, "గది వేరే" అన్నాడు. గన్ మాత్రం భుజం మీద నుంచి దించి గోడకు ఆనించాడు.

మూడు రోజులుగా కదలని ఇంజన్ కాబట్టి చల్లగానే ఉంది. లేకపోతే అది చల్లారేదాకా కూర్చునేవాళ్లం. వేడి ఇనుము మీద చల్లటి నీళ్లు పడితే బీటలిస్తుందని, చేతులు కాలతాయని బాపుకు ఎవరూ చెప్పక్కర్లేదు. చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాడు. కేబిన్ వంచి, లాక్ పడిందా లేదా అని రెండుసార్లు చేత్తో కుదిపి చూశాడు. దాని కింద తల పెట్టేది తన బిడ్డ మరి. నేను బ్యాటరీ నెగెటివ్ కేబుల్ విప్పి పక్కకు వంచాను.

ఇక్కడే నా పద్ధతి మొదలైంది. మా మేనమామ మరమగ్గం నడుపుతాడు. బట్ట కత్తిరించినప్పుడు మిగిలే ఎర్ర అంచు పట్టీలు అవ్వ దగ్గర మూటెడు ఉన్నాయి. ఏడు తీసుకెళ్లాను. ఒక్కో పట్టీని రెండుగా చింపాను. ఒక ముక్క మూతకు కట్టాలి, రెండో ముక్క విప్పిన బ్యాటరీ కేబుల్‌కు కట్టాలి. మూత తీసినప్పుడల్లా కేబుల్ మీది ముక్క కూడా విప్పాలి. కేబుల్ మీద ఒక్క ముక్క మిగిలినా బ్యాటరీ తగిలించకూడదు. బ్యాటరీ చార్జి చేసే ఆల్టర్నేటర్‌కు ఒకటి, ఇంజన్ స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటార్‌కు ఒకటి, కంప్యూటర్ డబ్బాకు ఒకటి, ఫ్యూజుల పెట్టెకు ఒకటి, పెద్ద వైర్ల జాయింట్లకు రెండు. ఆరు. ఏడోది ఆ రబ్బరు గొట్టం నోటికి. ఫిల్టర్ డబ్బా దాకా బురద చేరింది కాబట్టి గొట్టం ఊడదీయక తప్పలేదు. పాత తువ్వాలను కవరులో చుట్టి దాని నోట్లో పెట్టాను. బాపు వచ్చి దాన్ని వేలితో ఒకసారి నొక్కి చూశాడు.

నీళ్లు ముట్టకముందే రెండు గంటలు గీకాం. ఇనుప గరిటె కాదు, బాపు చెక్కి తెచ్చిన వెదురు బద్దలతో. ఇనుమైతే వైర్ల తోలు లేస్తుంది, రబ్బరు పైపులు తెగుతాయి. ఎండిన రేగడి పెచ్చులు పెచ్చులుగా ఊడింది. దాని కింద ఇంకో పొర ఉంది. ఏడాదంతా పత్తి లోడు నుంచి ఎగిరిన నూగు, కారిన నూనె, బురద కలిసి గొంగడిలా అతుక్కుపోయింది. పొగ గొట్టం మొదట్లో ఆ గొంగడి మాడి గోధుమరంగులోకి తిరిగింది. పెచ్చు ఒకటి తీసి బాపు చేతిలో పెట్టాను. వాసన చూశాడు.

"అంటుకునేదుండె" అన్నాడు.

"దీనిమీద డీజిల్ కొడ్తనంటుండు చాచా."

చాచా దూరం నుంచే, "ఇంటున్న, ఇంటున్న" అన్నాడు. కాసేపయ్యాక డీజిల్ డబ్బా ఎత్తుకుపోయి లోపల పెట్టి, సబ్బు నీళ్ల బక్కెట్ తెచ్చి నా పక్కన పెట్టాడు. ఆయనే బ్రష్ కూడా అందుకున్నాడు.

పైనుంచి కిందికి, సబ్బు నీళ్లతో బ్రష్ చేసి, మగ్గుతో నీళ్లు పోసి కడిగాం. రేడియేటర్‌కు మాత్రం ఇంజన్ వైపు నుంచి బయటికి సన్నటి పైపుతో నీళ్లు వదిలాను, నూగు వచ్చిన దారినే పోయేటట్టు. దాని రేకులు గోటితో నొక్కినా వంగుతాయి. కళ్లద్దాలు పెట్టుకుని, చేతులకు తొడుగులేసుకుని మొదలుపెట్టాను గానీ తొడుగులు మొదటి గంటలోనే చిరిగాయి. అందుకే ఆ మోచేతుల బురద.

పదకొండింటికి సేటు వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల ప్యాంటు. కేబుల్ మీద వేలాడే ఎర్ర పట్టీలను చూసి గట్టిగా నవ్వాడు.

"ఏందే గీ కథ? బండి కడుగుతున్నరా, బతుకమ్మ పేరుస్తున్నరా?"

"ఏడు మూతలు సేటూ. ఏడు తీసినంకనే బండి లేస్తది."

"గన్ కొడితే పొద్దుగాలనే ఐపోతుండె. నీ బిడ్డ బీటెక్ తోని నా సీజన్ దాటిపోయేటట్టున్నదయ్యా!"

"ఒక్కపూట సేటూ" అన్నాడు బాపు.

"తొందరుంటే చొక్కా ఇడిచి మీరు గూడ పట్టుండ్రి. బ్రష్ ఇంకోటున్నది" అన్నాను. చాచా మొహం అటు తిప్పుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి.

తుడిచాం. మడతల్లో నిలిచిన నీళ్లను గుడ్డలతో అద్దాం. ఎండకు వదిలాం. ఒంటిగంట దాటాక మూతలు తీయడం మొదలుపెట్టాను. ఒక మూత తీయడం, కేబుల్ దగ్గరికి పోయి దాని పట్టీ విప్పడం, రెంటినీ టార్పాలిన్ మీద పక్కపక్కన పెట్టడం. ఆరు అయ్యాయి. గొట్టం ఒక్కటే మిగిలింది. గొట్టం ఒక చేత్తో పట్టుకున్నాను. సరిగ్గా అప్పుడు ఫోను మోగింది.

"చాచా, జర ఎత్తు! నా చేతులు చూడు!"

చాచా సంచిలోంచి ఫోను తీసి నా చెవికి పెట్టాడు. నా హాస్టల్ గది స్నేహితురాలు. హలో కూడా అనలేదు.

"ఒసేయ్ పాసైనవే! వచ్చినయే రిజల్ట్స్! నీ నంబర్ నేనే కొట్టి చూసిన, నాలుగుసార్లు చూసిన, పాసే!"

నేను అరిచిన అరుపుకు రోడ్డు మీద పోయే బైకతను బండి ఆపాడు. "బాపూ! పాసైన! పాసైన బాపూ!"

బాపు తుడిచే గుడ్డ చేతిలో పట్టుకుని నిలబడిపోయాడు. "మల్ల చెప్పు" అన్నాడు.

"ఏంది?"

"గదే. మల్ల చెప్పు."

"పాసైన."

ఆ గుడ్డతోనే కళ్లు తుడుచుకున్నాడు. మొహమంతా మసైంది. చాచా ఫోను నా భుజానికీ చెవికీ మధ్య ఇరికించి, పొద్దుటి నుంచి ఉపవాసమున్న ప్రెషర్ గన్ అందుకుని రోడ్డు వైపు ఆకాశంలోకి కొట్టాడు. "ముబారక్ బేటీ! ముబారక్!" నీళ్లు ఎగిరి, విరిగి, సరాసరి సేటు తెల్ల చొక్కా మీద పడ్డాయి.

"నీయవ్వ! ఏంది ముసలోడా!"

"ఖుషీ సేటూ, ఖుషీ!"

నేను ఒకటే నవ్వడం. స్నేహితురాలు ఎవరెవరు పాసయ్యారో చెబుతోంది, నేను ఊ కొడుతున్నాను, ఏడుస్తున్నాను, నవ్వుతున్నాను. చేతులు వాటి పని అవి చేసుకుంటున్నాయి. గొట్టం డబ్బాకు తొడిగాను. క్లిప్పు పెట్టాను. స్క్రూ బిగించాను. కేబిన్ దించాం. ఫోను ఇంకా చెవికే ఉంది.

సేటు చొక్కా పిండుకుంటూ, "ఐపోయిందా సంబురం? కొట్టు సెల్ఫ్!" అని తొందరపెట్టాడు. బాపు స్పానర్ తీసుకుని బ్యాటరీ దగ్గర కూర్చున్నాడు. కేబుల్ చేతిలోకి తీసుకున్నాడు.

అట్లాగే ఉండిపోయాడు.

"బిడ్డా" అన్నాడు. చాలా మెల్లగా అన్నాడు. "ఇంకోటున్నది."

కేబుల్ చివర ఒక్క ఎర్ర పట్టీ వేలాడుతోంది.

ఫోను భుజం మీద నుంచి జారి కింద పడింది. టార్పాలిన్ వైపు చూశాను. ఆరే. ఏడోది ఎక్కడుందో నాకు లెక్కపెట్టకుండానే తెలుసు. అదే గొట్టం. అవే చేతులు. మూడు నెలల చదువప్పుడు పొగరుతో చేసిన తప్పును, చదువంతా అయిపోయిన రోజున సంతోషంతో మళ్లీ చేశాను.

కేబిన్ మళ్లీ వంచాం. లాక్ చూశాం. క్లిప్పు విప్పి, గొట్టం ఊడదీసి, తువ్వాల ఉండను బయటికి లాగాను. దాని తోకకు ఎర్ర పట్టీ. సేటు ముందుకొచ్చి చూశాడు. కోపం రాలేదు ఆయనకు, సంతోషం వచ్చింది. ఆరేళ్ల కింద తను నమ్మిందే నిజమైనట్టు.

"సూడు సూడు! తండ్రి లెక్కనే బిడ్డ! మొత్తం ఖాన్‌దాన్ గింతేనా?"

"కాదు సేటూ" అన్నాను. "తండ్రి మరువలే. గప్పుడు గూడ బిడ్డనే మరిచింది."

"ఊకో" అన్నాడు బాపు.

"ఊకోను బాపు. ఆరేండ్లు ఊకున్న." ఉండను సేటు ముందు పట్టుకున్నాను. "గా పత్తి నేను కుక్కిన. గొట్టం నేను బిగిచ్చిన. అన్ని తీసినవా అని బాపు అడిగితే చూడకుంటనే తీసిన అని చెప్పిన. ఘాటు మీద పొగ వచ్చింది నా పనికి. తాగిండన్నరు, పత్తి డ్రైవర్ అన్నరు. ఆయన నోరు తెరువలే."

సేటు బాపు వైపు తిరిగాడు. "గప్పుడెందుకు చెప్పలేవయ్యా?"

బాపు స్పానర్ వైపే చూస్తున్నాడు. "చెప్తే ఏమైతది సేటూ? తాళం ఎట్లైన పోయేదే. బిడ్డ సదువు గూడ పోవాల్నా?"

సేటు తడిసిన చొక్కాను ఒంటి నుంచి లాగి విదిలించాడు. చివరికి నా మీదికే వచ్చాడు. "అరే, ఇప్పుడు గూడ మరిచినవు గదా! బీటెక్ అయినంక గూడ!"

"మరిచిన. రేపు గూడ మరుస్త. ఎవలన్న మరుస్తరు. గందుకే పట్టీ కట్టిన. నేను మరిచిన, పట్టీ మరువలే. ఇన్నేండ్లు మీ బండికి గీ పట్టీ ఎవలు కట్టిండ్రు సేటూ?"

చాచా గన్ కింద పెట్టి, "వాజిబ్ మాట. బేటీ చెప్పింది నిజమే" అన్నాడు. సేటు ఆయన వైపు గుర్రుగా చూశాడు.

గొట్టాన్ని మళ్లీ బిగించాను. ఈసారి ఎవరితోనూ మాట్లాడలేదు. ఆఖరి పట్టీ విప్పి బాపు చేతిలో పెట్టాను. ఆయన దాన్ని జేబులో పెట్టుకుని కేబుల్ తగిలించాడు. కేబిన్ దించి ఎక్కాడు. ఆరేళ్ల తర్వాత ఆ సీట్లో కూర్చున్నాడు. సీటు వెనక్కి జరుపుకున్నాడు, అద్దం సరిచేసుకున్నాడు. కావాలనే చేస్తున్నాడేమో అన్నంత నింపాదిగా.

మొదటిసారి తిప్పితే మూలిగింది. రెండోసారి కూడా. మూడోసారి పట్టుకుంది. మిగిలిన తడి కాసేపు తెల్లటి ఆవిరై లేచింది, సేటు రెండడుగులు వెనక్కి వేశాడు. ఆవిరి సన్నబడి ఆగిపోయింది. నల్లటి పొగ లేదు. అరగంట అట్లాగే ఆడనిచ్చాం. నేను చుట్టూ తిరిగి ఎక్కడైనా కారుతోందా అని చూశాను. కారలేదు.

సేటు తాళం గురించి మాట ఎత్తకముందే బాపు కిందికి దిగాడు.

"సేటూ, బండి తీస్కపోత. ఒక్కటే మాట. రేపు యార్డుల, అందరి ముంగట, నన్ను పేరు వెట్టి పిలువున్రి. గంతే."

సేటు చేతులు నలుపుకున్నాడు. జీపెక్కి, కిటికీలోంచి తల బయటపెట్టి బాపును పేరు పెట్టి పిలిచాడు. "రేపు ఆరింటికల్ల యార్డుకు రా" అన్నాడు. పేరు పలకడంలో కొంచెం తడబడ్డాడు, ఆరేళ్లుగా వాడలేదు కదా.

ఇంటికొచ్చి అవ్వకు రెండు సంగతులూ చెప్పాను. మొదటి దానికి ఏడ్చింది. రెండో దానికి చాట పక్కన పెట్టి లేచి నా వీపు మీద ఒక్కటిచ్చింది. తర్వాత బాపు వైపు తిరిగి, "ఆరేండ్లు ఉత్తగనే తిట్టిచ్చుకుంటివి గదయ్యా నాతోని" అంది. "తిట్టుడు నీకు అలవాటేనాయె" అన్నాడు బాపు. మేకుకు తాళం తగిలించాడు. దాని కింద ఎర్ర పట్టీ కట్టాడు.

పొద్దున ఆరింటికి బాపు యార్డుకు పోయాడు. నేను ఫోను ముందర పెట్టుకుని కూర్చున్నాను. అందరికీ రెండేసి కబుర్లు చెప్పాలి. పాసయ్యానని ఒకటి, పత్తి నాదని ఒకటి. ఒకటి విని రెండోది వినకుండా పెట్టేస్తామంటే కుదరదు. ఇంకా మిగిలినవాళ్లు వీళ్లు:

పదో తరగతి లెక్కల సారు. పాసైన సంగతి చాలు ఆయనకు, కానీ రెండోది కూడా చెబుతాను.

మందమర్రి పెద్దమ్మ. మధ్యాహ్నం తర్వాత చేయాలి, పెద్దనాయిన బొగ్గుబాయి డ్యూటీ దిగి వస్తాడు, ఇద్దరూ కలిసి వినాలి.

మిషన్ల చదువు వద్దన్న మేనమామ. మగ్గం ఆపి వినమనాలి. పట్టీలు ఆయనవేనని కూడా చెప్పాలి.

తాత. ఫోను లేదు, పక్కింటివాళ్లకు చేసి పిలిపించాలి. చెవులు వినపడవు కాబట్టి వాళ్ల వాడంతా వినేటట్టు అరవాలి. మంచిదే.

పాలిటెక్నిక్‌లో మా క్లాసులో ఉన్న ఇంకో ఆడపిల్ల. పెళ్లయి నిజామాబాద్‌లో ఉంది. నంబరు మారిందట, కనుక్కోవాలి.

యార్డు గేటు చాయ్ హోటలు. ఈపాటికి సేటు నోటి నుంచి విని ఉంటారు. అయినా నా నోటి నుంచి కూడా వినాలి.

కరీంనగర్ మెకానిక్, పత్తి ముద్దను కాగితంలో చుట్టుకుని పోయినాయన. రెండుసార్లు చేశాను, మోగి మోగి ఆగిపోయింది. ఎత్తేదాకా చేస్తాను.